చెన్నమ్మత్త మోచెయ్యి

మార్కాపురంలో ఎముకల డాక్టరు నా ఎడమ తొడ స్కానింగు ఫిలిమును వెలుగుకు పెట్టి చూసి, "చిన్నప్పుడు ఎవరో మొరటుగా తొక్కి పాడు చేసినట్లున్నారమ్మా, కండ లోపల గట్టిపడిపోయింది. ఈ నాటు పనులు చేయించుకుంటే ఇట్లనే ఉంటుంది" అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. నాకు అరవై రెండేళ్ళు. డ్రిల్లు టీచరుగా రిటైరయినాను. రిటైరయినా సాయంత్రం పూట హైస్కూలు గ్రౌండుకు పోయి ఆడపిల్లల చేత కబడ్డీ ఆడిస్తాను. ఆడించడమంటే కుర్చీలో కూర్చొని ఈల ఊదడం నాకు చేతకాదు. మొన్నొక పిల్ల కాలు చాపడానికి భయపడుతుంటే, "ఇట్ల కాదే, చూడు" అని నేనే కూతకు పోయి కాలు చాపినాను. తొడ లోపల ఏదో పటుక్కుమన్నది. అదీ సంగతి. డాక్టరు కుర్రవాడు, మంచివాడే. "ఈ వయసులో కబడ్డీ ఏందమ్మా" అన్నందుకు నాకు కోపం రాలేదు, ఆ మాట రోజూ వినేదే. నాటు పనులు అన్నందుకు వచ్చింది. "సగం నిజం చెప్పినారు డాక్టరుగారూ. తొక్కింది నిజమే, పాడు చేసింది నిజమే. దాన్ని బాగు చేసిన చేతులు మీ ఫిలిములో పడలేదు" అన్నాను. ఆయన నవ్వి, చీటీ రాసి, పక్కగదిలో ఫిజియో అమ్మాయి దగ్గరికి పొమ్మన్నాడు.

ఆ అమ్మాయి నన్ను బోర్లా పడుకోబెట్టి, తొడకు నూనె రాసి, "దీన్ని డీప్ టిష్యూ అంటారు మేడమ్, కొంచెం నొప్పిగా ఉంటుంది, ఓర్చుకోండి" అనింది. అని, మోచెయ్యి మొన పిరుదు కింద ఆనించి, ఒళ్ళంతా దాని మీద మోపి, మోకాలి దాకా మెల్లగా జార్చింది. ఓరి దేవుడా! కళ్ళు బైర్లు కమ్మినాయి. చల్లటి గది, ఉతికిన దుప్పటి, ఏదో పూల నూనె వాసన. నాకు మాత్రం గొర్రెల దొడ్డి వాసన గుప్పున కొట్టింది. పేడ, మూత్రం, తడిసిన గొంగళి, కాచిన ఆముదం, ఉడికిన వావిలాకు అన్నీ కలిసిన వాసన. నలభై ఏడేళ్ళుగా ఆ వాసన నాలో ఎక్కడ దాక్కున్నదో, ఆ మోచేతి మొనకు తెలిసింది. నేను ఏడుస్తున్నానని ఆ అమ్మాయి కంగారుపడి, "ఆపేదా మేడమ్?" అనింది. "ఆపబాకు తల్లీ, ఒత్తు" అన్నాను.

మా ఊరు త్రిపురాంతకం దగ్గర. ఊరవతల చర్చి వెనక మా పల్లె, వంక దాటితే గొల్లవీధి, దాని వెనక బయలు. మా నీళ్ళలో ఫ్లోరైడు సంగతి అందరికీ తెలిసిందే. నలభై దాటేసరికి మోకాళ్ళు పట్టుకోకుండా లేచే మనిషి మా ఊళ్ళో ఉండడు. మా అవ్వ పొద్దున్నే మంచం దిగడమే ఒక తతంగం. ముందు "యేసయ్యా" అని ఒక కాలు కింద పెట్టేది, ఇంకోసారి "యేసయ్యా" అని రెండో కాలు, మూడోసారికి నడుము. ఆ మూడో పిలుపుకు అమ్మ పొయ్యి రాజేసేది. సజ్జ రొట్టె కాలే వాసన, మా నాయన కొడవలి నూరే చప్పుడు, అవ్వ మూలుగు, ఈ మూడూ కలిస్తేనే మాకు తెల్లారినట్లు. కాళ్ళ నొప్పులు అంత మామూలు కాబట్టి పదిహేనేళ్ళ పిల్ల కాలు ఈడ్చుకుంటూ బడి నుంచి వస్తే ఎవరూ బెదరలేదు. బళ్ళో కబడ్డీ ఆడుతుంటే నలుగురు నన్ను పట్టుకున్నారు, ఒకతి కాలు పట్టుకొని వెనక్కి గుంజింది, నేను గీత కోసం ముందుకు గుంజినాను. కాలు మధ్యలో చినిగింది. ఇప్పుడు చినిగింది అంటున్నాను గానీ అప్పుడు మా ఇంట్లో అన్న మాట "ఉలుకు", అంటే బెణుకు.

ఉలుకు పడితే మా పల్లెలో మార్తమ్మ చిన్నమ్మే దిక్కు. ఆమె మా అమ్మకు చెల్లెలు, ఎదురుకాళ్ళతో పుట్టిన మనిషి. తల ముందు రాకుండా కాళ్ళు ముందు వచ్చి పుట్టినవాళ్ళు తొక్కితే పట్టుకున్న నడుము వదులుతుందని మా దిక్కు అందరికీ నమ్మకం. మూడు పొద్దులు, ఎవరితోనూ మాట్లాడకముందే, గడప కాడ బోర్లా పడుకుంటే ఆమె ఎడమకాలు మోపి తొక్కాల. నడుము వదిలినవాళ్ళను నేను కళ్ళారా చూసినాను, కాదనను. కానీ అది నడుముకు. నాది తొడ. చిన్నమ్మ ధర్మంగా నడుము మీద కాలు పెట్టబోతే మా అమ్మ, "నొప్పి ఉన్న చోట తొక్కవే, నడుమేం చేసింది" అనింది. చిన్నమ్మ మనసు వెన్న, ఒళ్ళు మాత్రం వడ్ల బస్తా. మూడు పొద్దులు తొక్కింది. మూడో పొద్దుకు నా తొడ పిరుదు నుంచి మోకాలి దాకా నేరేడుపండు రంగుకు తిరిగింది. చిన్నమ్మ తన కాలినే తిట్టుకుంటూ ఏడ్చింది. నేను ఆమెను ఏమీ అనలేదు. మా అమ్మను అన్నాను, ఇంతకాలమైనా అది తలుచుకుంటే సిగ్గే.

అప్పుడే మా డ్రిల్లు సారు సైకిలేసుకొని మా ఇంటికి వచ్చినాడు. ఇంకో రెండు నెలల్లో పొదిలిలో జిల్లా జట్టుకు ఎంపికలు. అందులో పేరు వచ్చిన పిల్లలను ఒంగోలులో హాస్టల్లో పెట్టి, తిండి పెట్టి, ముందుకు చదివిస్తారు. "మీ రూతమ్మ అయితే ఖాయంగా వస్తుంది ఏసోబూ" అన్నాడు. మా నాయన నా కాలు దిక్కు చూసి, "మూడు మైళ్ళు నడిచి బడికే పోలేని పిల్లను ఏ జట్టులో పెట్టుకుంటారు సారూ?" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ముగ్గురు పిల్లల్లో పెద్దదాన్ని నేను, ఇంట్లో కూలికి పోయే చేతులు రెండు జతలే. సారు పోయినాక నన్ను పిలిచి చెప్పినాడు: "పొదిలిలో ఆడు, నీ పేరు రానీ, నేను అడ్డం రాను. రాకపోతే ఆ వచ్చే సోమవారం నుంచి కంది కోతలకు రా. బడి మాట ఎత్తబాకు." నేను సరేనన్నాను. సరే అనక ఏం చేయాల, నిలబడితే కాలు నేలకు ఆనడం లేదు.

మా అమ్మ వారానికి రెండుసార్లు గొల్లవీధి గురవయ్య మామ గొర్రెల దొడ్డిలో పెంట ఎత్తడానికి పోయేది. ఒకనాడు ఆమె వెనక నేనూ కుంటుకుంటూ పోయినాను. గురవయ్య మామ కుంటి గొర్రెలకు పేరుమోసిన మనిషి. దొనకొండ నుంచి కూడా మందలవాళ్ళు వచ్చి ఆయన చేత కాళ్ళు చూపించుకొని పోయేవాళ్ళు, గొర్రెల కాళ్ళే. ఆయన నన్ను చూసి, "ఆ కాలేంది అట్ల ఈడుస్తున్నావు? ఆ కంప దాకా పోయి రా" అన్నాడు. పోయి వచ్చినాను. "ఇంకోసారి." మూడుసార్లు నడిపించి, గొర్రెను చూసినట్లే వెనక నుంచి చూసి, "కండ చినిగింది. చినిగినదాని మీద తొక్కినారు. అది ముడిపడి ఎముకను పట్టుకొనింది. ముడి విప్పాల, లేకుంటే జన్మంతా ఇంతే" అన్నాడు. మా అమ్మ గంప కింద పెట్టి, "నువ్వే విప్పు అన్నా" అనింది. "ఈడొచ్చిన పిల్ల తొడ. నేను ముట్టను" అన్నాడాయన. కాసేపు గడ్డం గోక్కొని పెళ్ళాన్ని కేకేసినాడు.

చెన్నమ్మత్త అంటే ఊరందరికీ భయం. సన్నటి మనిషి, నోరు మాత్రం బండి ఇరుసు. "నాకేం తెలుసు కాళ్ళ సంగతి? పాలు పిండేదాన్ని" అనింది. "నేను చెప్తా, నువ్వు చెయ్యి" అన్నాడు మామ. మా ఇంట్లోకి ఆమె రాదు, ఆమె ఇంట్లోకి మమ్మల్ని రానియ్యరు. ఆ రోజుల్లో అది ఎవరూ చెప్పనక్కరలేని సంగతి. దొడ్డి మాత్రం ఎవరిదీ కాదు, గొర్రెలది. అందుకని దొడ్డిలో ఉన్న చిన్న గుడిసె కుదిరింది. పది రోజులు మాత్రం నన్ను ముట్టనియ్యలేదు మామ. నలుపు దిగేదాకా వావిలాకు ఉడికించిన నీళ్ళు పొయ్యమన్నాడు, అంతే. నలుపు పసుపై, పసుపు పోయినాక, ఒక పొద్దున మంద బయలుకు పోకముందు పని మొదలైంది.

గుడిసెలో గొంగళి మీద నేను. నా కాళ్ళ కాడ చెన్నమ్మత్త. తలకాడ అమ్మ, నా చేతులు పట్టుకొని. తడిక అవతల మామ, ముసలి గొర్రెనొకదాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకొని, దాని వెనక్కాలు పట్టుకొని. ఆయన గొర్రె కాలును తడుముకుంటూ చెప్పాల, ఆమె తడికకు ఇవతల నా కాలు మీద చెయ్యాల. "పైనుంచి మూడు వేళ్ళు దిగు." "దిగినా." "లోపల తాడు మాదిరి ఉందా?" "ఇది గొర్రె కాదయ్యా, తాడు కాదు, మోకే ఉంది." "దాని పక్కన ఒత్తు, దాని మీద కాదు." ఆమె ఒత్తేది. నేను అరిచేదాన్ని. నేను అరిస్తే అవతల గొర్రె అరిచేది. "దాన్నేం చేస్తున్నావు, దానికేమన్నా అయిందా?" అని ఆమె మొగుణ్ణి తిట్టేది. నన్ను మాత్రం, "ఏడుపొస్తే ఏడువు, కాలు లాక్కోబాకు. కాలు లాక్కుంటే నేను ఒత్తినదంతా వంకలో పోసినట్లే" అనేది. మొదట అరచెయ్యి, తర్వాత బొటనవేళ్ళు. వేళ్ళు చాలవని వారం తర్వాత మోచెయ్యి పెట్టింది. ఆ మోచెయ్యి నా తొడలో దిగుతుంటే లోపల ఇసక నలిగినట్లు కరకరమనేది. అది అయినాక మోకాలు మడిచి, చాపి, మడిచి, చాపి, మామ చెప్పినన్ని సార్లు.

పదిహేను రోజులు గడిచేసరికి లెక్క తిరగబడింది. మామ "ఇంకొంచెం కిందికి" అంటే ఆమె, "నీ గొర్రెకు అక్కడ ఏముందో నాకు తెలవదు, ఈ పిల్లకు ఇక్కడ చింతపిక్కంత గట్టిగా ఉంది, నువ్వు నోరు మూసుకో" అనేది. ఆమె కళ్ళు మూసుకొని ఒత్తేది. చెయ్యి ఒక చోట ఆగేది, ఆగిన చోటనే నొప్పి ఉండేది. నేను చెప్పక ముందే. ఆ చేతులకు ఎవరు నేర్పినారు? మామ నేర్పినాడని ఊరంతా అంటుంది. కాదు. మామ గొర్రెను చూపించినాడు, మనిషిని ఆమే కనిపెట్టుకొనింది. నెల తిరగకముందే నేను కాలు ఈడ్చకుండా నడిచినాను. దొడ్డిలో కంప దాకా పరుగెత్తినాను. మా అమ్మ చేతుల్లో గంప జారిపోయింది.

ఇంకో పన్నెండు రోజుల్లో పొదిలి అనగా గొల్లవీధిలో పొక్కింది. పల్లె పిల్ల తొడలు పిసికి వచ్చి మా బావి కాడ కడవ ముంచుతుందా అని పెద్దమనుషులు మామను పిలిపించి అడిగినారు. మామ మెత్తటివాడు. తల వంచుకొని దొడ్డికి వచ్చి, "కొన్నాళ్ళు ఆపుదాంలే చెల్లీ" అన్నాడు మా అమ్మతో. కొన్నాళ్ళు! నా దగ్గర ఉన్నవే పన్నెండు. కాలు నడుస్తుంది గానీ ఎవరన్నా పట్టుకొని గుంజితే నిలిచేంత రాలేదు, అది నాకు తెలుసు. అమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు, పళ్ళు కొరుక్కున్నాను. చెన్నమ్మత్త మాత్రం గొర్రె పాలు పిండుతూనే, తల ఎత్తకుండా, "దొడ్డిలో చాటుగా చేస్తేనే కదా దొంగపని అంటున్నారు. రేపు పొద్దున పిల్లను మా ఇంటికి తీసుకరా వదినా" అనింది. "మీ ఇంటికా?" అనింది అమ్మ. "మా ఇంటికే. ముందు దిక్కు నుంచి రా" అనింది.

ఆ రాత్రి అమ్మకు నిద్ర లేదు, నాకు తెలుసు. అయినా తెల్లారినాక నా చెయ్యి పట్టుకొని వంక దాటింది. గొల్లవీధి పొడవునా ఆడవాళ్ళు కల్లాపి చల్లడం ఆపి చూస్తున్నారు. చెన్నమ్మత్త అరుగు మీద చాప పరిచి కూర్చొని ఉంది, పక్కన ఆముదం గిన్నె. "ఎక్కు" అనింది. ఎక్కినాను. బోర్లా పడుకోబెట్టి, మీద గొంగళి కప్పి, గొంగళి కింద చెయ్యి పెట్టి మొదలుపెట్టింది. వీధిలో ఒక పెద్దాయన వచ్చి నిలబడి, "ఏందమ్మే ఇది?" అన్నాడు. ఆమె మోచెయ్యి ఎత్తలేదు. "కాలు బాగు చేస్తున్నా మామా. నీ మోకాలు కూడా చూడాల్నా?" అనింది. లోపలి నుంచి గురవయ్య మామ బయటికి వచ్చినాడు. నేను భయపడినాను, ఆపమంటాడని. ఆయన పెళ్ళాన్ని చూసినాడు, పెద్దాయనను చూసినాడు, పక్కకు పోయి ఆ ముసలి గొర్రెను ఈడ్చుకొచ్చి, నడివీధిలో గొంతుకూర్చొని, దాని కాలు పట్టుకొని, "పైనుంచి మూడు వేళ్ళు దిగు" అన్నాడు. అంతకు ముందు పదిహేను రోజులుగా ఆయన మాట ఆమె వినడం లేదు. ఆ రోజు మాత్రం, "దిగినా" అనింది.

పదకొండు పొద్దులు పోయినాను. ఆపినవాడు లేడు. బావి కాడ ఆమె కడవ ముంచుతుంటే ఇద్దరు పక్కకు తప్పుకున్నారంట. "మంచిదే, నాకు తొందరగా నీళ్ళు దొరికినాయి" అనిందంట. అయిదో నాటికి ఆ పెద్దాయన పెళ్ళామే నడుము పట్టుకొని వచ్చి, నా పని అయ్యేదాకా అరుగు కింద కూర్చుంది.

ఇప్పుడు వారానికి రెండుసార్లు ఆ చల్లటి గదికి పోతున్నాను. గోడ మీద మనిషి కండల పటం ఉంది, ఒక్కో కండకు ఒక్కో పేరు. ఎవరు పడుకున్న మంచం మీద ఎవరు పడుకుంటున్నారో ఎవరూ అడగరు, అది మంచి సంగతి, నేను ఒప్పుకుంటాను. కానీ ఆ పటం చూసి నేర్చుకున్నదే విద్య, తడిక చాటున నేర్చుకున్నది నాటు అంటే మాత్రం ఒప్పుకోను. తప్పు తొక్కుడూ మాదే, సరైన ఒత్తుడూ మాదే. రెండూ మావేనని రాసుకోండి, ఒకటి రాసి ఒకటి వదిలేయబాకండి. ఆ ఫిజియో అమ్మాయికి ఈ కథంతా చెప్పినాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఆమె ఏ వైపు నుంచి ఒత్తేది మేడమ్?" అని అడిగింది. చూపించినాను. డాక్టరు మాత్రం ఆట మానేయమనే అంటున్నాడు. నేను సరే అనలేదు. అననుగాక అనను.

పొదిలికి నాయన నా వెంట వచ్చినాడు, పేరు రాకపోతే అక్కడనుంచి అక్కడే కోతల మేస్త్రికి చెప్పిపోదామని. గ్రౌండు పక్కన తువ్వాలు నెత్తిన వేసుకొని కూర్చున్నాడు. మూడో కూతకు పోయినప్పుడు దొనకొండ పిల్ల ఒకతి, గట్టి పిల్ల, నా ఎడమకాలే పట్టింది. మడమ పట్టుకొని, ఒళ్ళంతా వేసి, వెనక్కి గుంజింది. అప్పుడు మా బళ్ళో ఎట్ల గుంజినారో అట్లనే. గీత నాకు జానెడు దూరంలో ఉంది. కూత ఆపకుండా గుంజినాను. తొడ లోపల నిప్పు రాజుకుంది. ఇప్పుడు చినుగుతుంది, ఇప్పుడు చినుగుతుంది అనుకుంటున్నాను. బయట ఎవరో "లాగు! లాగవే! లాగు!" అని గొంతు చించుకుంటున్నారు. ఆ గొంతు నాకు తెలుసు. ఆటంటే గిట్టని మనిషి, గీతేందో పట్టేందో తెలియని మనిషి, తువ్వాలు చేతబట్టుకొని గ్రౌండు అంచున ఎగురుతున్నాడు. నా వేలు గీతకు తగిలింది. కాలు నాకు మిగిలింది.

సాయంత్రం పేర్లు చదివినారు. నాది చివరి పేరు, అదీ ఎక్‌స్ట్రా ఆటగత్తెగా. ఎక్‌స్ట్రా అయితే ఏంది, హాస్టల్లో మంచం మంచమే. ఊళ్ళో బస్సు దిగినాక నాయన ఇంటి దారి పట్టలేదు. నన్ను రమ్మని కూడా అనకుండా తిన్నగా గొల్లవీధిలోకి నడిచినాడు. పుట్టి బుద్ధెరిగినాక ఆయన ఆ వీధి మొదలు కాడ నిలబడి కేకేసి మాట్లాడిన మనిషే గానీ, లోపలికి ఒక్కసారీ పోలేదు. చెన్నమ్మత్త అరుగు మీద కూర్చొని కందులు ఏరుతున్నది. ఆయన అరుగు ముందు నిలబడి, రెండు చేతులూ జోడించి ఏడ్చినాడు. "పేరొచ్చిందా?" అనింది ఆమె నన్ను చూసి. వచ్చిందన్నాను. చేట పక్కన పెట్టి, "కింద నిలబడి ఏడుస్తావేందన్నా, పైకొచ్చి కూర్చో" అనింది. నాయన అటూ ఇటూ చూసినాడు. వీధంతా గడపల్లో నిలబడి ఉంది. "కూర్చో అన్నా" అనింది ఆమె మళ్ళీ, ఈసారి వీధికంతా వినపడేటట్లు.

మా నాయన అరుగెక్కి కూర్చున్నాడు. ఆమె తెచ్చిన చెంబు అందుకొని నీళ్ళు తాగినాడు. ఆయన కూర్చున్నంతసేపూ నేను అరుగు ముందు, వీధికి ఎదురుగా, నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడినాను. ఎవ్వరూ ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. నా కాలు అప్పటికి పూర్తిగా బాగైంది.